చవక కిట్ లెన్స్‌ని మాక్రోగా మార్చుకోవచ్చా? మార్చుకోవచ్చు, కానీ విప్పే ముందు తిప్పండి

అడిగినవారి దగ్గర కెనాన్ 700డి కెమెరా, దానితోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉన్నాయి. చిన్న వస్తువుల్ని బాగా దగ్గర్నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్స్ కొనేంత డబ్బు లేదు. లెన్స్ ముందు గాజు తీసేస్తే మాక్రో అయిపోతుందని ఏదో వీడియోలో చూశారు. బెంగళూరులో ఆ పని చేసిపెట్టే షాపు ఎక్కడుందని అడుగుతున్నారు.

షాపు సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆ స్క్రూడ్రైవర్ లోపల పెట్టేయండి. చక్కగా పనిచేస్తున్న లెన్స్‌ని, అందులోనూ ఉన్న ఒక్కగానొక్క లెన్స్‌ని, విప్పాల్సిన అవసరం ఏమీ లేదు. దాన్నే వెనక్కి తిప్పి కెమెరాకి బిగించండి. మీరు అనుకుంటున్న దానికన్నా ఎక్కువే దగ్గరికి వెళ్తారు. మారతహళ్లిలో మా మూడో అంతస్తు బాల్కనీలో కూర్చుని కొన్నేళ్లుగా నేను చేస్తున్నది అదే.

లెన్స్ మామూలుగా చేసే పని, ఎదురుగా ఉన్న పెద్ద దృశ్యాన్ని కుదించి చిన్న సెన్సర్ మీద వేయడం. తిప్పి పెడితే ఆ పనీ తిరగబడుతుంది, చిన్న వస్తువు పెద్దదై సెన్సర్ మీద పడుతుంది. జూమ్ కూడా తిరగబడుతుంది. 55 దగ్గర ఓ మాదిరిగా, 18 దగ్గర విపరీతంగా పెద్దదిగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు ఆత్రం కొద్దీ 18 దగ్గర మొదలుపెట్టి, ఫ్రేములో ఏమీ దొరక్క, ఇదంతా ఉత్తిదని వదిలేస్తారు. 55తో మొదలుపెట్టండి. దీనికి కావాల్సింది రివర్స్ రింగ్ అనే అల్యూమినియం చక్రం ఒక్కటే. ఒక పక్క లెన్స్ ముందుభాగానికి బిగిసే ఫిల్టర్ మర, రెండో పక్క కెమెరాకి బిగిసే మౌంట్. మీ లెన్స్‌కి 58 ఎంఎంది కావాలి, కొన్ని వందల్లో వస్తుంది.

తిప్పగానే లెన్స్‌కీ కెమెరాకీ మధ్య కనెక్షన్ తెగిపోతుంది. ఆటోఫోకస్ ఉండదు. తెర మీద ఎఫ్ 00 అని చూపిస్తుంది, టెన్షన్ పడకండి. అపర్చర్‌కి (లెన్స్ లోపల వెలుగు వచ్చే రంధ్రానికి) మాత్రం చిన్న కిటుకు ఉంది. లెన్స్‌ని ముందు మామూలుగా బిగించి ఎఫ్/8 పెట్టండి. లెన్స్ పక్కనుండే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకుని, నొక్కి ఉండగానే లెన్స్‌ని ఊడదీయండి. అపర్చర్ ఆ ఎఫ్/8 దగ్గరే నిలిచిపోతుంది. నికాన్ వాళ్లకి ఈ తిప్పలు లేవు. వాళ్ల డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సుల్లో చాలావాటికి వెనక చిన్న మీట ఉంటుంది, కాగితం ముక్క మడిచి దాని పక్కన ఇరికిస్తే కావాల్సినంత తెరుచుకుని ఉంటుంది.

తిప్పిన లెన్స్ వెనక గాజు ఇప్పుడు బయటి ప్రపంచంలో ఉంటుంది. దానికి రక్షణ కావాలి. లెన్స్ వెనక పెట్టే ప్లాస్టిక్ మూత ఒకటి అదనంగా కొని, మధ్యలో గుండ్రంగా కోసి, మిగిలిన చక్రాన్ని అక్కడ బిగించండి. కాంటాక్టులకి దెబ్బ తగలదు, పక్కల నుంచి వచ్చే వెలుగూ ఆగుతుంది. కోసిన అంచుని ఉప్పుకాగితంతో నున్నగా రుద్దండి, లేకపోతే ప్లాస్టిక్ పొడి గాజు మీద రాలుతుంది.

ఇక ఫోకస్ రింగుతో పనిలేదు, మనమే ముందుకీ వెనక్కీ కదలాలి. మీ కెమెరాలో 1:1 దగ్గర, అంటే వస్తువు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేటప్పుడు, ఎఫ్/8 పెట్టినా స్పష్టంగా కనిపించే మందం అర మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదై ఆ మందం పెరుగుతుందని చాలామంది ఏకంగా ఎఫ్/22 పెట్టేస్తారు. అది తప్పు. ఇంత దగ్గర్లో అపర్చర్ సంఖ్య ఉన్నది ఉన్నట్టు పనిచేయదు. 1:1 దగ్గర ఎఫ్/8 అంటే నిజానికి ఎఫ్/16, ఎఫ్/22 అంటే ఎఫ్/44. డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రం గుండా వెళ్లే వెలుగు చెదిరిపోవడం) వల్ల బొమ్మంతా మసకబారిపోతుంది, వెలుతురూ చాలదు. ఎనిమిది దాటకండి, మరీ అవసరమైతే పదకొండు.

మాక్రోలో లెన్స్ వంతు పావలా, వెలుతురు వంతు ముప్పావలా. ఇది నేను ఎవరితోనైనా వాదించడానికి సిద్ధం. పదుల వేలు పోసి మాక్రో లెన్స్ కొని, కెమెరా మీద లేచే చిన్న ఫ్లాష్‌ని నేరుగా పురుగు మొహాన కొట్టేవాళ్ల ఫోటోలు చూడండి, వీపు మీద తెల్లటి మచ్చ, కింద నల్లటి నీడ. అదే ఫ్లాష్ ముందు చిప్స్ గొట్టం పెట్టి, లోపల అల్యూమినియం ఫాయిల్ ఉంచి, చివర బటర్ పేపర్ రెండు పొరలు అతికించి చూడండి. గొట్టం లెన్స్ కొస దాకా రావాలి, ఎందుకంటే పురుగు అక్కడే, మహా అయితే కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. షట్టర్ 1/200, ఐఎస్ఓ 100 లేదా 200. చెయ్యి కాస్త వణికినా ఫ్లాష్ మెరుపు అంతా ఆపేస్తుంది.

మా బాల్కనీలో ఒక కరివేపాకు మొక్క ఉంది. నిమ్మ, నారింజ, కరివేపాకు, మారేడు అన్నీ ఒకే కుటుంబం, ఆ కుటుంబం మీదే గుడ్లు పెట్టే సీతాకోకచిలుకలు ఉన్నాయి. నలుపు మీద పసుపు మచ్చలుండే నిమ్మ సీతాకోకచిలుక వాటిలో ఒకటి. మొన్న వానలు పట్టిన కొత్తలో అది ఒక లేత రెమ్మ మీద గుడ్డు పెట్టి వెళ్లడం కళ్లారా చూశాను. గుడ్డు మిల్లీమీటరు పైచిలుకు, లేత పసుపు. మామూలు కంటికి ఆకు మీద ఏదో చుక్క ఉందనిపిస్తుంది, అంతే. తిప్పిన లెన్స్‌లో చూస్తే నున్నటి గోళం, దాని మీద బాల్కనీ గ్రిల్ నీడ కూడా కనిపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ రంగు ముదిరి, పెంకులోంచి లోపలి నల్లటి తల తెలియడం మొదలైంది.

ఆ పొద్దున్నే పక్కింటావిడ వచ్చారు. ఆమెది అనంతపురం, కొడుకు దగ్గర ఉంటారు. "ఏమప్పా, పోపులోకి రెండు రెమ్మలు తుంచుకోనా?" అని చెయ్యి పెట్టబోయింది సరిగ్గా ఆ రెమ్మ మీదే. "అమ్మా, ఆ ఒక్కటీ వదిలేయండి" అని గట్టిగా అనేశాను. ఏముందా అని ఆమె కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు, ఏమీ కనిపించలేదు. అప్పుడు కెమెరా తెర చూపించాను.

ఎడమ చేత్తో రెమ్మని పట్టుకుని, అదే చేతి మీద లెన్స్ ఆనించాను. ఇది అందరూ నేర్చుకోవాల్సిన పద్ధతి. ఆకూ కెమెరా కలిసి ఊగుతాయి కాబట్టి ఫోకస్ జారదు. పెంకుకి ఒక పక్కన చిన్న చిల్లు పడింది. చిల్లు అంచుని లోపలి నుంచి కొరుకుతున్న దవడలు కనిపించాయి. కాసేపటికి తల బయటికొచ్చింది, తలకి వెనక వరసగా నిక్కబొడుచుకున్న వెంట్రుకలు. ఒళ్లంతా ఇవతలికి లాక్కున్నాక అది ఆకు జోలికి పోలేదు. వెనక్కి తిరిగి, తను వచ్చిన పెంకునే తినడం మొదలుపెట్టింది. "అయ్యో, పుట్టీ పుట్టంగానే ఎంత ఆకలప్పా దీనికి!" అంది ఆవిడ. స్టవ్ మీద పెట్టినదాన్ని మర్చిపోయి పెంకు అయిపోయేదాకా నిలబడింది. తర్వాత రోజూ "మీ పురుగు ఎట్లుంది?" అని అడిగేది. పిట్ట రెట్టలా కనిపించే దశలో పాపం దానికేమో అయిందని కంగారుపడింది కూడా. శత్రువుల కళ్లు కప్పడానికి అది అలా ఉంటుందని చెప్తే నమ్మడానికి టైం పట్టింది. పచ్చరంగుకి మారాక ముట్టుకోబోతే, తల వెనక నుంచి రెండు పాయల కొమ్ము బయటికి చాపి ఘాటు వాసన కొట్టింది. అప్పుడు నమ్మింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ ఊళ్లో కెమెరా కొన్న ప్రతివాడూ మొదట కబిని అడవికి పులి కోసం పరిగెడతాడు. జీపు, గది, అద్దెకి తెచ్చిన పెద్ద లెన్స్, అన్నీ కలిపి ఎంతవుతుందో మీకు తెలుసు. పులి కనపడకపోతే ఆదివారం రాత్రి ట్రాఫిక్‌లో ఏడుస్తూ వెనక్కి. ఇంట్లో కుండీలో జరిగేది ఎవడూ చూడడు. చూడనివ్వరు కూడా. అపార్ట్‌మెంట్లలో నెల తిరిగేసరికి పురుగుల మందు కొట్టేవాళ్లని పిలుస్తారు, దోమల కోసం కొట్టిన మందుకి సీతాకోకచిలుకల గొంగళ్లు, సాలీళ్లు, తేనెటీగలు అన్నీ పోతాయి. తర్వాత జామచెట్టు కాయడం లేదని అదే వాట్సాప్ గ్రూపులో దిగులు. నేను మా అసోసియేషన్‌తో పోట్లాడి, కుండీలున్న బాల్కనీలకి కొట్టొద్దని ఒప్పించాను. మీరూ పోట్లాడండి. పార్కులకి వెళ్తే ఇంకో బాధ. ఫోను పట్టుకుని వెయ్యి ఫోటోలు తీసినా ఎవరూ అడగరు, చేతిలో కెమెరా కనిపిస్తే చాలు గార్డు ఈల వేసుకుంటూ వస్తాడు. వంగి చీమని తీస్తున్నవాడి వల్ల పార్కుకి వచ్చే నష్టం ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో మాట. కదలకుండా ఉండాలని పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి, జిగురుతో అతికించి తీసేవాళ్లున్నారు. అలాంటి ఫోటోకి లైకులు ఎన్ని వచ్చినా నా దృష్టిలో దానికి విలువ లేదు. తెల్లవారుజామున, మంచు ఆరకముందు వెళ్లండి. చల్లగా ఉన్నంతసేపూ అవి వాటంతట అవే కదలకుండా ఉంటాయి.

ఇక ముందు గాజు తీసే పద్ధతి. అది నిజంగానే పనిచేస్తుంది. ముందు గాజు తీసేస్తే లెన్స్ దూరాన్ని చూడలేకపోతుంది, కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఉన్నదాన్ని మాత్రమే చూస్తుంది. దీనికి ఉన్న పెద్ద సుఖం ఏమిటంటే లెన్స్ మామూలు వైపునే బిగుస్తుంది కాబట్టి అపర్చర్, ఆటోఫోకస్ రెండూ పనిచేస్తూనే ఉంటాయి. కానీ అంచులు మెత్తగా వస్తాయి, పక్కల్లో ఊదారంగు చారలు వస్తాయి. ఆ లెన్స్ మళ్లీ పెళ్లి ఫోటోలకి పనికిరాదు. అందుకే ఫంగస్ పట్టినదో, గాజు మీద గీతలు పడ్డదో ఒక పాత 18-55 సంపాదించి దాని మీద చేయండి. నాది బీవీకే అయ్యంగార్ రోడ్డు ఆదివారం సంతలో దొరికింది, ముందు గాజు మీద ఫంగస్ సాలెగూడు కట్టి ఉంది. తీసి పారేసే గాజు మీదే ఫంగస్ ఉండటంకన్నా అదృష్టం ఏముంటుంది!

లెన్స్ ముఖం మీద 18-55 అని రాసి ఉన్న పల్చటి చక్రం జిగురుతో అతికించి ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడిచేసి, పల్చటి బ్లేడుతో లేపండి. కింద చిన్న స్క్రూలు కనిపిస్తాయి. ఇక్కడ జాగ్రత్త. జపాన్ కెమెరాల స్క్రూలు జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం, చూడ్డానికి మామూలు ఫిలిప్స్ స్క్రూలాగే ఉంటాయి. ఫిలిప్స్ డ్రైవర్ పెట్టి తిప్పితే తల అరిగి, అక్కడే చచ్చుబడిపోతాయి. బెంగళూరు ఎస్‌పీ రోడ్డు షాపుల్లో జేఐఎస్ డ్రైవర్ అని గట్టిగా అడిగి తీసుకోండి, ఏదైనా ఒకటేనని అంటే పక్క షాపుకి వెళ్లండి. గాజు ఊడదీసే ముందు అది ఏ వైపుకి ఉందో మార్కర్‌తో గీత పెట్టండి, మనసు మారితే వెనక్కి పెట్టుకోవడానికి. గాజు వచ్చాక లోపలికి ఇంకేమీ చేయొద్దు, మోటారు తీగల జోలికి అసలు పోవద్దు. ఆ ఖాళీ గుండా దుమ్ము పోతుంది కాబట్టి ముందు ఒక సాదా గాజు ఫిల్టర్ అడ్డం పెట్టండి.

షాపు గురించి: నేను అడిగిన రిపేరువాళ్లలో ఎవరూ దీనికి ఒప్పుకోలేదు. బాగున్నదాన్ని పాడుచేయమంటే వాళ్లకి మనసొప్పదు, రేపు మళ్లీ పెట్టమంటారన్న భయమూ ఉంటుంది. పాతది దొరికాక మీరే చేసుకోండి, ఒక మధ్యాహ్నం పని. అది దొరికేదాకా 58 ఎంఎం రింగ్ తెప్పించుకోండి. మీది 18-55లో ఏ మోడల్ అయినా లెన్స్ అంచు మీద సున్నా మీద అడ్డగీత ఉన్న గుర్తు పక్కన అంకె రాసి ఉంటుంది, ఆర్డర్ పెట్టేముందు అది 58 అవునో కాదో ఒకసారి చూసుకోండి.