బై-బ్యాక్, ఫస్ట్ రిఫ్యూజల్: ఆటగాళ్ల బదిలీ ఒప్పందాల్లో ఈ రెండూ ఒకటి కావు

బై-బ్యాక్ (అమ్మిన ఆటగాణ్ని తిరిగి కొనే హక్కు), ఫస్ట్ రిఫ్యూజల్ (అతన్ని మళ్లీ అమ్మేటప్పుడు ముందుగా కొనుక్కునే అవకాశం) అనే రెండు నిబంధనలూ ఒకటేనా, ఆటగాడు ఒప్పుకోకపోతే ఏమవుతుంది, చిన్న క్లబ్బు ఇలాంటి షరతుకు ఎందుకు తల ఊపుతుంది అని మీరు అడిగారు. విదేశీ న్యాయ సంస్థల కోసం ఒప్పంద పత్రాలు చదివి సారాంశం తీసిపెట్టే ఒక హైదరాబాద్ కార్యాలయంలో నేను ఆరేళ్లు పనిచేశాను. అందులో దాదాపు మూడేళ్ల పాటు నా బల్ల మీదికి వచ్చినవి ఎక్కువగా యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల బదిలీ ఒప్పందాలే. నేను చదివిన ఫైళ్లలోని పేర్లు చెప్పకూడదు కనుక, ఉదాహరణలకు మాత్రం పత్రికల్లో అందరూ చదివిన బదిలీలనే తీసుకుంటాను.

మొదటి ప్రశ్నకు నా పొరపాటే మంచి సమాధానం. కొత్తలో ఒక క్లబ్బుకు చెందిన పాత ఒప్పందాలన్నీ చదివి, ఏ ఆటగాడి మీద ఏ హక్కు మిగిలి ఉందో ఎక్సెల్ పట్టికలో నింపే పని నాకు అప్పగించారు. ఒక ఆటగాడి వరుసలో 'బై-బ్యాక్ ఉంది' అని రాసి పంపాను. దాన్ని సరిచూసిన మా సీనియర్ ఆ గడిని ఎర్రరంగుతో నింపి, 'ధర ఎంత?' అని ఒక్క మాట రాసి తిప్పి పంపారు. ఒప్పందమంతా మళ్లీ వెదికినా నాకు ధర దొరకలేదు, ఎందుకంటే అందులో ఉన్నది బై-బ్యాక్ కాదు. బయటి క్లబ్బు ఎవరైనా కొంటామని వస్తే, అదే ధరకు ముందుగా కొనుక్కునే అవకాశం మాత్రమే. నా పట్టికను నమ్మి ఆ క్లబ్బు వచ్చే వేసవికి ఆ ఆటగాడు తమ చేతిలో ఉన్నట్టే లెక్క వేసుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

తేడా అక్కడే ఉంది. బై-బ్యాక్‌లో అమ్మిన రోజునే తిరిగి కొనే ధర, గడువు రాసుకుంటారు. పాత క్లబ్బు తనకు కావలసినప్పుడు ఆ హక్కును వాడుకుంటుంది, కొత్త క్లబ్బుకు అమ్మే ఉద్దేశం ఉందా లేదా అన్న ప్రసక్తి రాదు. ఫస్ట్ రిఫ్యూజల్‌లో ధర ఉండదు, తేదీ కూడా ఉండదు. కొత్త క్లబ్బు అమ్మాలని అనుకోవాలి, సాధారణంగా మూడో క్లబ్బు నిజంగా డబ్బు పెట్టడానికి ముందుకు రావాలి, అప్పుడు గాని పాత క్లబ్బు హక్కుకు ప్రాణం రాదు.

బై-బ్యాక్‌కు నాకు తెలిసిన వాటిలో అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ ఆల్వారో మొరాటా. 2014లో రియల్ మాడ్రిడ్ అతన్ని 2 కోట్ల యూరోలకు యువెంటస్‌కు అమ్మింది, తిరిగి కొనే హక్కును తన దగ్గర ఉంచుకుంది. ఆ మరుసటి వసంతంలో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండు మ్యాచ్‌లలోనూ అతను రియల్ మాడ్రిడ్ మీదే గోల్ కొట్టి యువెంటస్‌ను ఫైనల్‌కు చేర్చాడు. 2016 వేసవిలో రియల్ మాడ్రిడ్ 3 కోట్ల యూరోలు కట్టి అతన్ని వెనక్కి తెచ్చుకుంది, ఏడాది తర్వాత దానికి రెట్టింపుకు పైగా ధరకు చెల్సీకి అమ్మింది. దీన్ని చూసి యువెంటస్ మోసపోయిందని చాలామంది అన్నారు. నేను అలా అనుకోను. అతని ఒప్పందం ఐదేళ్లది కనుక 2 కోట్లను ఐదేళ్లకు సమానంగా పంచితే, రెండేళ్ల తర్వాత ఖాతాల్లో అతని విలువ 1.2 కోట్ల యూరోలుగా మిగులుతుంది. 3 కోట్లు వచ్చాయంటే ఖాతాల్లో 1.8 కోట్ల లాభం. ఈలోగా అతనితో ఆడి యువెంటస్ రెండు సీజన్లలోనూ ఇటలీ లీగ్‌ను, కప్పును గెలుచుకుంది. పై మెట్టు క్లబ్బులో బెంచీ మీద కూర్చునే ఇరవై ఒక్క ఏళ్ల ఆటగాణ్ని, మామూలుగా అయితే తనకు అమ్మని ధరకు తెచ్చుకోవడానికి చిన్న క్లబ్బు చెల్లించే మూల్యం ఈ షరతే. మీ మూడో ప్రశ్నకు సమాధానం చాలావరకు ఇందులోనే ఉంది. అదే రియల్ మాడ్రిడ్ 2012లో డాని కార్వహాల్‌ను 50 లక్షల యూరోలకు బేయర్ లెవర్‌కూసెన్‌కు అమ్మి, ఏడాది తిరిగేసరికి 65 లక్షలకు వెనక్కి తీసుకున్నప్పుడు మాత్రం జర్మన్ క్లబ్బుకు మిగిలింది చాలా తక్కువ. ధరను మెట్లుమెట్లుగా ఏటా పెంచుతూ పోవాలని కొనే క్లబ్బులు పట్టుబట్టడానికి కారణం ఇలాంటి అనుభవాలే.

ధర కన్నా గడువు గురించే నేను ఎక్కువ జాగ్రత్త చెబుతాను. మాంచెస్టర్ సిటీ 2022లో రోమియో లావియాను సౌతాంప్టన్‌కు అమ్మినప్పుడు, 2024 వేసవి నుంచి 4 కోట్ల పౌండ్లకు తిరిగి కొనే హక్కు ఉంచుకుందని పత్రికలు రాశాయి. సౌతాంప్టన్ 2023లో కింది డివిజన్‌కు జారిపోయింది, ఆ ఆగస్టులోనే అతన్ని 5 కోట్ల పౌండ్లకు పైగా ధరకు చెల్సీకి అమ్మింది. సిటీ హక్కు ఇంకా తలుపు తీయకముందే సరుకు అంగడి దాటిపోయింది. అందువల్లనే బై-బ్యాక్ మొదలయ్యే తేదీకి ముందు కాలానికి ఫస్ట్ రిఫ్యూజల్‌ను జతచేసి రాసిన ఒప్పందాలు నాకు తరచుగా కనిపించేవి. ఆ రెండింటినీ ఒకే పేరాలో కలిపేసి రాసినవి చదవడం నరకం.

ఇక ఆటగాడి సమ్మతి. మా గుంటూరు వైపు పల్లెల్లో అవసరానికి పొలం అమ్ముకునేవారు, ఫలానా గడువులోగా సొమ్ము తిరిగి చెల్లిస్తే పొలం మళ్లీ తమ పేర రాసివ్వాలని దస్తావేజులో రాయించుకునేవారు. ఉమ్మడి వారసత్వ ఆస్తిలో ఒకరు తన వాటా అమ్మదలిస్తే మిగతా వారసులకు ముందుగా కొనే హక్కు ఉంటుందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 22వ సెక్షన్ చెబుతుంది. మొదటిది బై-బ్యాక్‌కు, రెండోది ఫస్ట్ రిఫ్యూజల్‌కు దగ్గరి చుట్టాలు. అయితే పొలానికి నోరు లేదు, ఆటగాడికి ఉంది. రెండు క్లబ్బులు తమలో తాము ఎంత రాసుకున్నా, ఆటగాడు కొత్త ఉద్యోగ ఒప్పందం మీద సంతకం పెట్టకపోతే బదిలీ జరగదు. అందుకే తెలివిగా రాసిన ఒప్పందాల్లో, తిరిగి వస్తే ఇచ్చే జీతం, ఒప్పంద కాలం ముందే ఖరారు చేసి ఆటగాడి చేత కూడా విడిగా సంతకం చేయిస్తారు. లేదా, ఆటగాడితో ఫలానా తేదీలోగా అంగీకారం కుదరకపోతే హక్కు రద్దవుతుందని రాస్తారు. ఈ రెండూ లేని ఒప్పందంలో హక్కు పాత క్లబ్బుది, తాళం చెవి మాత్రం ఆటగాడిది.

ఫస్ట్ రిఫ్యూజల్‌కు వస్తే, ఆ పేరుతో రెండు వేర్వేరు హక్కులు చలామణి అవుతున్నాయి. ఒకదాని ప్రకారం, అమ్మాలనుకున్నప్పుడు ఇతరులతో మాట్లాడకముందే పాత క్లబ్బుకు చెప్పి బేరం ఆడే అవకాశం ఇవ్వాలి. రెండోదాని ప్రకారం, బయటి క్లబ్బు ఇచ్చిన రాతపూర్వక ఆఫరును చూపించి, అదే ధర ఇస్తారా అని అడగాలి. మొదటిది మర్యాద లాంటిది, నిరూపించడం కష్టం. రెండోదానికి పళ్లు ఉన్నాయి, కానీ దాన్ని రాయడం కష్టం. బయటి క్లబ్బు 1 కోటి నగదు, రెండు విడతల బోనసులు, పైగా ఒక కుర్ర ఆటగాణ్ని కలిపి ఇస్తానంటే, పాత క్లబ్బు దేనికి సరితూగాలి? ఆ కుర్రవాడికి విలువ కట్టేదెవరు? ఈ ప్రశ్నకు సమాధానం రాయని ఒప్పందాలే నేను ఎక్కువగా చూశాను.

ఈ హక్కు పూర్తి బలం చూడాలంటే మరియానో దియాజ్ బదిలీని గమనించాలి. 2017లో రియల్ మాడ్రిడ్ అతన్ని 80 లక్షల యూరోలకు లియాన్‌కు అమ్మింది. వచ్చే ఆఫరుకు సరితూగి ముందుగా కొనుక్కునే హక్కుతో పాటు, తర్వాతి అమ్మకంలో 35 శాతం వాటా కూడా ఉంచుకుంది. ఆ సీజన్‌లో అతను ఫ్రెంచ్ లీగ్‌లో 18 గోల్స్ కొట్టాడు. 2018 ఆగస్టులో స్పెయిన్ క్లబ్బు సెవియా అతన్ని దాదాపు ఖాయం చేసుకున్న దశలో, క్రిస్టియానో రొనాల్డో వెళ్లిపోయిన లోటులో ఉన్న రియల్ మాడ్రిడ్ తన హక్కును బయటికి తీసింది. అప్పట్లో వచ్చిన లెక్క ప్రకారం బదిలీ విలువ 3.3 కోట్ల యూరోలు. అందులో 35 శాతం ఎలాగూ రియల్ మాడ్రిడ్‌దే కనుక, అది లియాన్‌కు కట్టవలసింది దాదాపు 2.15 కోట్లు మాత్రమే. సెవియా కొన్నా లియాన్‌కు మిగిలేది అంతే. అంటే లియాన్‌కు ఏ తేడా లేదు. బయటి క్లబ్బు మాత్రం పూర్తి 3.3 కోట్లు కట్టాలి. సరితూగే హక్కు, అమ్మకంలో వాటా ఒకే చేతిలో ఉంటే, ఆ చేయి ప్రతి వేలంలోనూ తగ్గింపు ధరకే పాట పాడుతుందన్నమాట. ఈ రెండింటినీ కలిపి అడిగే క్లబ్బుకు ఒకదాన్నే ఇవ్వమని నేనైతే చెబుతాను. అన్నట్టు, అంత చక్కని లెక్కతో తెచ్చుకున్న మరియానో తర్వాతి ఐదేళ్లలో మాడ్రిడ్‌లో ఎక్కువగా బెంచీకే పరిమితమయ్యాడు. నిబంధన ఆటగాణ్ని తెస్తుంది గాని గోల్స్ తేదు.

దీనికి మరో చిక్కు ఉంది. నెలల తరబడి ఆటగాణ్ని పరిశీలించి, ఏజెంటుతో మాట్లాడి, ధర కుదుర్చుకున్న తర్వాత చివరి క్షణంలో పాత క్లబ్బు వచ్చి ఎగరేసుకుపోతుందని తెలిస్తే, బయటి క్లబ్బు అసలు ఆ శ్రమే పడదు. అందువల్ల ఫస్ట్ రిఫ్యూజల్ ఒప్పుకున్న చిన్న క్లబ్బు తనకు తెలియకుండానే తన సరుకుకు గిరాకీ తగ్గించుకుంటుంది. బై-బ్యాక్ కనీసం ధర చెప్పి దోచుకుంటుంది.

నోటీసు గురించి చెప్పకుండా ముగించలేను. నేను చదివిన ఒక ఫైలులో సరితూగే హక్కు వాడుకోవడానికి 'మూడు రోజులు' గడువు అని మాత్రమే ఉంది. పనిదినాలా, ఏ దేశపు గడియారం ప్రకారం అన్నది లేదు. బయటి ఆఫరు వచ్చిందని పాత క్లబ్బుకు శుక్రవారం సాయంత్రం ఈమెయిల్ వెళ్లింది, అదీ ఏడాది క్రితమే ఉద్యోగం మానేసిన ఒక అధికారి చిరునామాకు. సోమవారం రాత్రికి ఆటగాడు మరో దేశంలో సంతకం చేశాడు. ఇలాంటి చోట ఆటగాణ్ని వెనక్కి ఇప్పించడం ఏ న్యాయస్థానానికీ సాధ్యం కాదు, నష్టపరిహారమే మిగులుతుంది; వేర్వేరు దేశాల క్లబ్బుల మధ్య వివాదమైతే ఫిఫా ట్రిబ్యునల్‌కు, అక్కడి నుంచి లొసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లాలి, ఫిఫా దగ్గర రెండేళ్లు దాటిన వివాదం విచారణకే రాదు. అందుకే నిబంధన ఉల్లంఘిస్తే ఎంత కట్టాలో ఒప్పందంలోనే అంకె వేసి ఉందా అని నేను ముందుగా చూసేవాణ్ని. ఆ ఫైలులో అంకె లేదు, చివరికి రెండు వైపులా లాయర్లు బేరమాడి ఒక మొత్తానికి రాజీ పడ్డారు.

అయితే పాత క్లబ్బు తన హక్కును కాపాడుకునే ఆత్రంలో మరీ ముందుకు వెళ్లినా ప్రమాదమే. ఒక క్లబ్బు మరో క్లబ్బు స్వతంత్రతను, విధానాలను, జట్టు ఆటను ప్రభావితం చేసే వీలు కల్పించే ఒప్పందాలను ఫిఫా బదిలీ నిబంధనల్లోని 18బిస్ అధికరణ 2008 నుంచి నిషేధించింది. తిరిగి కొనే హక్కు ఉండటం వేరు, ఆ ఆటగాడు ఎన్ని మ్యాచ్‌లు ఆడాలో, తమ మీద ఆడవచ్చో లేదో, ఎవరికి అమ్మకూడదో శాసించడం వేరు. మీరు చూస్తున్న ఒప్పందంలో బై-బ్యాక్ పేరా కింద అలాంటి వాక్యం ఏదైనా ఉంటే, ధర గురించి బేరం మొదలుపెట్టకముందే దాన్ని కొట్టేయించండి.