మెషీన్ నిజాయితీగానే ఉంది, అందుకే మీ డబ్బు పోయింది

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో హెచ్1బీ మీద ఉద్యోగం చేస్తున్నాను. భార్య హెచ్4 డిపెండెంట్ వీసాలో ఉంది, ఇద్దరు పిల్లలు. చేతికొచ్చే జీతం నెలకు 7,400 డాలర్లు. ఇంటి ఖర్చు 5,600, తెనాలిలో అమ్మానాన్నలకు 450 పంపుతాను. గత 14 నెలల్లో 13 సార్లు లాస్ వేగాస్ వెళ్లి, వెళ్లినప్పుడల్లా 12 గంటలు వీడియో పోకర్ ఆడాను. డాలర్ మెషీన్, ఆటకు 5 డాలర్లు. మొత్తం 23,000 పోయాయి. అందులో 11,000 క్రెడిట్ కార్డు మీద తీసినవే. సేవింగ్స్ 2,800 మిగిలాయి. ఇంత ఆడినా, అన్నిటికన్నా పెద్ద బహుమతి ఇచ్చే రాయల్ ఫ్లష్ ఒక్కసారే పడింది. ఈ మెషీన్లను నమ్మొచ్చా? మంచి మెషీన్ చూసుకుని, 10,000 పర్సనల్ లోన్‌తో ఆడితే పోయింది రాబట్టుకోగలనా? క్యాసినో వాళ్లు కూడా క్రెడిట్ ఇస్తామంటున్నారు. నాన్న తెనాలి స్థలం అమ్మి పంపుతానంటున్నారు.

జవాబు: ఇలాంటి ఉత్తరం నాకు కొత్త కాదు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. దానికి ముందూ తర్వాతా కూడా ఎంతోమంది అడిగింది ఒకటే: ‘యాప్ మోసం చేస్తోందా సార్?’ డబ్బు పోగానే అనుమానం ఆట మీదికి పోతుంది. ఆట సక్రమమేనని ఎవరైనా చెబితే మళ్లీ కూర్చోవచ్చన్న ఆశ ఆ ప్రశ్నలోనే ఉంటుంది. మీ ఉత్తరంలోనూ అదే కనిపించింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మీ అనుమానం సంగతి. మోసం ఎప్పుడూ జరగలేదని చెప్పను. 1989లో లాస్ వేగాస్‌లో అమెరికన్ కాయిన్ అనే కంపెనీ తన వీడియో పోకర్ మెషీన్లలో పెద్ద బహుమతులు పడకుండా ప్రోగ్రామ్ మార్చిందని బయటపడింది. ఆ కంపెనీ లైసెన్సు పోయింది. క్యాసినోలను మోసం చేసి 1995లో దొరికిన రాన్ హారిస్ అయితే మెషీన్లను తనిఖీ చేసే నెవాడా గేమింగ్ కంట్రోల్ బోర్డు ఉద్యోగే. అయినా ఈ రోజు లైసెన్సు ఉన్న నెవాడా క్యాసినోలో మీరు కూర్చునే మెషీన్‌ను నేను నమ్ముతాను. అక్కడి నిబంధన ప్రకారం తెర మీద పేక ముక్కలు పంచే మెషీన్‌లో, అసలు పేకలో లాగే 52 ముక్కల్లో ప్రతి ముక్కకూ సమాన అవకాశం ఉండాలి. అందుకే మెషీన్ ఎంత తినేస్తుందో ఆడకముందే లెక్క కట్టొచ్చు. ఆ లెక్కకు కావాల్సిన బహుమతుల పట్టిక తెర మీదే రాసి ఉంటుంది.

మీరు పంపిన మెషీన్ తెర ఫోటో పెద్దది చేసి చూశాను. గెలిచే ముక్కల జట్లలో ఫుల్ హౌస్ ఎదురుగా 6, ఫ్లష్ ఎదురుగా 5 ఉన్నాయి, అంటే పెట్టిన ప్రతి డాలర్‌కు అన్ని డాలర్లు ఇస్తుంది. ఇదే ఆటలో ఆ రెండు చోట్లా 9, 6 ఉంటే, ఒక్క తప్పు కూడా చేయకుండా ఆడినవాడికి దీర్ఘకాలంలో నూటికి 99.54 తిరిగొస్తాయి. 6, 5 ఉంటే వచ్చేది 95. చేయి తిరిగినవాళ్లు గంటకు 600 ఆటలు ఆడతారు. ఆటకు 5 డాలర్ల చొప్పున గంటకు 3,000 డాలర్లు మెషీన్‌లోకి వెళ్తాయి. నూటికి 5 చొప్పున గంటకు 150 పోతాయి. 12 గంటలకు 1,800. 13 ట్రిప్పులకు 23,400.

మీకు పోయింది 23,000.

మెషీన్ మిమ్మల్ని మోసం చేయలేదు, తెర మీద రాసిన ధరే వసూలు చేసింది. ఇక రాయల్ ఫ్లష్ సుమారు 40,000 ఆటలకు ఒకసారి పడుతుంది. మీరు ఆడింది 94,000 దాకా. అన్ని ఆటలు ఆడిన ప్రతి ముగ్గురిలో ఒకరికి అది ఒక్కసారే పడుతుంది, లేదా అసలు పడదు. ఇందులో వింతేమీ లేదు. 9, 6 మెషీన్ వెతుక్కున్నా గంటకు 14 డాలర్ల దాకా పోతూనే ఉంటాయి. ‘రాబట్టుకోవడం’ అన్న మాటకు ఏ పట్టికలోనూ చోటు లేదు.

ఇప్పుడు అప్పు సంగతి. ఒక్క రాత్రి రసీదులు మూడు పంపారు: 11:40కి 500, 1:15కి 500, 3:05కి 800. ప్రతిదాని మీదా 5 శాతం ఫీజు, అంటే 90 డాలర్లు ముక్క తిరగేయకముందే పోయాయి. కార్డు మీద నగదు తీసే క్యాష్ అడ్వాన్స్‌కు వడ్డీ లేని గడువు ఉండదు, వడ్డీ ఆ రాత్రి నుంచే మొదలు. మీ కార్డు రేటు 30 శాతం కాబట్టి 11,000 మీద నెలకు 275. దీని మీద ఇంకో 10,000 లోన్ తెచ్చి ఆడతానంటే నాకు నిజంగా కోపం వస్తోంది. వద్దు. క్యాసినో ఇస్తామంటున్న క్రెడిట్ ఇంకా ప్రమాదం. ఆ అప్పుకు మీరు సంతకం పెట్టే కాగితాన్ని మార్కర్ అంటారు, నెవాడా చట్టం దృష్టిలో అది చెక్కు లాంటిది. అది చెల్లకపోతే క్రిమినల్ కేసు కావచ్చు. వీసా మీద ఉన్న మనిషి ఆ కాగితం ముట్టుకోకూడదు.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది మీ 2,800. ఉద్యోగం పోతే హెచ్1బీ మీద దేశంలో ఉండనిచ్చే గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులు. మీ 2,800 పదిహేను రోజుల ఇంటి ఖర్చు. నా క్లయింట్ ఒకాయనకు మంగళవారం ఉదయం పది గంటలకు లాప్‌టాప్ లాగిన్ ఆగిపోయింది. ఆయన దగ్గర ఐదు నెలల ఖర్చు ఉంది. అయినా లీజు మధ్యలో వదిలినందుకు ఫీజు, నలుగురికి టికెట్లు, కంపెనీ బీమాను సొంత ఖర్చుతో కొనసాగించుకునే కోబ్రా ప్రీమియం, లాయర్ ఫీజు, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. రెండో నెలలో వేరే ఉద్యోగం దొరికింది కానీ, మొదటి ఆఫర్‌కే తలూపాల్సిన ఖర్మ పట్టకపోవడానికి కారణం ఆ ఐదు నెలల డబ్బే. మీ పిల్లల స్కూలు, మీ భార్య వీసా, తెనాలికి పంపే 450, అన్నీ మీ ఒక్కరి ఉద్యోగం మీద నిలబడి ఉన్నాయి. వీసా మీద ఉన్నవాళ్లకు ఆరు నెలల ఖర్చు కనీసం అంటాను. మీకది 33,600.

వేగాస్ ఆపితే నెలకు 1,350 మిగులుతాయి. వడ్డీ లెక్క ప్రకారం అంతా కార్డుకే కట్టాలి. నేను మాత్రం 800 కార్డుకు, 550 ఎమర్జెన్సీ ఫండ్‌కు అంటాను, 60 రోజుల గడియారం మీ వడ్డీ తీరేదాకా ఆగదు కాబట్టి. బోనస్, టాక్స్ రీఫండ్ ఏది వచ్చినా ఫండ్‌కే, రెండు నెలల ఖర్చు 11,200 చేరేదాకా. 401కె రిటైర్మెంట్ ఖాతాలో, కంపెనీ తన వంతు కలిపే (మ్యాచ్) మేరకే వేయండి. సహకార బ్యాంకు లాంటి క్రెడిట్ యూనియన్‌లో తక్కువ వడ్డీకి లోన్ దొరికితే నేరుగా కార్డు అప్పు తీర్చడానికైతే సరే, మీ ఖాతాలో పడే లోన్ వద్దు. స్థలం అమ్మొద్దని నాన్నగారికి ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.

క్రెడిట్, ప్రమోషన్ మెయిల్స్ ఆపమని క్యాసినోకు రాసివ్వండి, నెవాడాలో ఆ వీలు ఉంది. ఒంటరిగా ఆపలేకపోతే, జూదం మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే గ్యాంబ్లర్స్ అనానిమస్ మీటింగ్‌కు వెళ్లండి. 1957లో అది మొదలైంది మీకు గంట దూరంలోని లాస్ ఏంజిలెస్‌లోనే.

ఈ 11,000 సంగతి మీ భార్యకు తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియదనే అనుకుంటున్నాను. ఈ ఆదివారం పిల్లలు పడుకున్నాక స్టేట్‌మెంట్లన్నీ బల్ల మీద పెట్టి ఆమెకు చూపించండి. ఎమర్జెన్సీ ఫండ్ ఖాతా ఇద్దరి పేరుతో తెరవండి, దాని డెబిట్ కార్డు ఆమె దగ్గరే ఉండాలి.