పెట్రోల్ డబ్బుతోనే ఈఎంఐ కట్టేయొచ్చా?

ప్రశ్న: నమస్తే సార్. ఉప్పల్‌లో అద్దెకుంటున్నాం. బేగంపేటలో ఓ ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. చేతికి 34 వేలు వస్తుంది. మావారి జీతం అద్దెకు, పిల్లల ఫీజులకు, ఇంటి ఖర్చుకు సరిపోతుంది. ఆఫీసుకు రానుపోను, బాబు ట్యూషన్ కలిపి రోజుకు 35 కిలోమీటర్లు తిరుగుతాను. ఏడేళ్ల పెట్రోల్ స్కూటర్ ఉంది. లోన్ ఎప్పుడో తీరిపోయింది, బండి బాగానే నడుస్తోంది. పెట్రోల్‌కు నెలకు 2,200 దాకా అవుతోంది. ఎలక్ట్రిక్ స్కూటర్ షోరూంకు వెళితే ఆన్‌రోడ్ 1.25 లక్షలన్నారు. 15 వేలు కడితే మిగతాది 9 శాతం వడ్డీకి 36 నెలల లోన్, ఈఎంఐ 3,880. ‘మీ పెట్రోల్ డబ్బే ఈఎంఐ మేడమ్, పైగా టాక్స్ కలిసొస్తుంది, రోడ్ ట్యాక్స్ మినహాయింపు పోయేలోపు తీసుకోండి’ అంటున్నారు. బ్యాంకులో అత్యవసరానికి 60 వేలు దాచుకున్నాం. లక్ష రూపాయల చిట్టీ నడుస్తోంది, కొంచెం బంగారం ఉంది. కరెంటు బిల్లు, షోరూం ఇచ్చిన కొటేషన్ కూడా పంపుతున్నాను. తీసుకోమంటారా? - ఒక పాఠకురాలు

జవాబు: తీసుకోండమ్మా, కానీ ఇప్పుడు కాదు, ఈ బండీ కాదు, ఈ లోనూ కాదు.

ముందు ఆ ‘పెట్రోల్ డబ్బే ఈఎంఐ’ సంగతి చూద్దాం. నెలకు సుమారు 900 కిలోమీటర్లు తిరుగుతున్నారు. హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయల లెక్కన, సిటీ ట్రాఫిక్‌లో 45 మైలేజీ వస్తే పెట్రోల్ 2,140 అవుతుంది. మీరు చెప్పింది సరిగ్గానే ఉంది. ఎలక్ట్రిక్ స్కూటర్ వంద కిలోమీటర్లకు, ఛార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకుని, మూడున్నర యూనిట్లు తాగుతుందనుకోండి. నెలకు 32 యూనిట్లు. షోరూంలో దీన్ని యూనిట్ ఐదు రూపాయలతో గుణించి 160 అని చెప్పేస్తారు.

మీరు పంపిన కరెంటు బిల్లులో 180 యూనిట్లున్నాయి. అసలు కిటుకు అక్కడుంది. తెలంగాణలో నెల వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వంద యూనిట్లకు 3.40, తర్వాతి వందకు 4.80. ఆ గీత దాటారంటే పైనున్న యూనిట్లకే కాదు, మొదటి 200 యూనిట్లకూ రేటు మారి ఐదు రూపాయలు దాటుతుంది, ఆ పైవాటికి 7.70 పడుతుంది. మీ 180కి స్కూటర్ 32 కలిస్తే 212. కరెంటు ఛార్జీ 724 నుంచి 1,100 పైకి పోతుంది. అంటే స్కూటర్ తాగిన 32 యూనిట్లకు మీరు కట్టేది 390 దగ్గర, యూనిట్‌కు 12 రూపాయలు! ఎలాగూ 200 దాటే వేసవి నెలల్లో అదే 32 యూనిట్లకు 250 చాలు. 100 దాటి 150 లోపు వాడే నెలల్లో 160కి మించదు. కాబట్టి చలికాలంలో గీజర్ కాస్త తగ్గించినా, ఆఫీసులో ఛార్జింగ్ సదుపాయం ఉన్నా మీ లెక్క బాగుపడుతుంది. గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. 200 దాటిన నెలలో బిల్లు మొత్తం కట్టాల్సి వస్తుంది.

ఇంటివాళ్లు సబ్‌మీటర్ పెట్టి యూనిట్‌కు ఇంత అని తీసుకుంటుంటే ఆ రేటుతోనే లెక్క వేసుకోండి.

సరే, అన్నిటికంటే ఎక్కువ ఖర్చయ్యే నెలే తీసుకుందాం. పెట్రోల్‌లో మిగిలేది 1,750. ఆయిల్ మార్పించడాలు, సర్వీసింగ్ తగ్గడం వల్ల ఇంకో 200. మొత్తం 1,950. ఈఎంఐ 3,880. మిగతా 1,930 నెలనెలా మీ జీతంలోంచే పోవాలి, మూడేళ్లపాటు.

ఇక ఆ 9 శాతం. అది ఫ్లాట్ వడ్డీ. 1.10 లక్షల అప్పుకు మూడేళ్లలో 29,700 వడ్డీ. మీరు ప్రతి నెలా అసలు తీరుస్తూనే ఉన్నా, మొదటి రోజున్న మొత్తంపైనే చివరిదాకా వడ్డీ వేస్తారు. బ్యాంకులు చెప్పే పద్ధతిలో, అంటే తగ్గుతున్న బాకీపై లెక్క కడితే, ఇది 16 శాతం పైనే. ఏ షోరూంలో కూర్చున్నా అడగాల్సిన మాట ఒక్కటే: ‘రెడ్యూసింగ్‌లో ఎంత?’ అకౌంట్స్ చూసే మీకు ఇది పెద్ద విషయం కాదు. కానీ కొత్త బండి ముందు నిలబడినప్పుడు ఎవరికీ గుర్తురాదు.

టాక్స్ కలిసొస్తుందన్న మాట కూడా వదిలేయండి. ఎలక్ట్రిక్ వాహన రుణ వడ్డీపై ఆదాయపు పన్ను చట్టంలోని 80ఈఈబీ సెక్షన్ ఇచ్చే మినహాయింపు 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే వర్తిస్తుంది. మీ జీతానికి అసలు టాక్సే పడదు.

ఈ లెక్కన మీ బండి ఖరీదు, వడ్డీ కలిపి 1,54,700. పాత స్కూటర్‌కు 25 వేలు వచ్చాయనుకున్నా, నెలకు 1,950 చొప్పున ఆ డబ్బు తిరిగి రావడానికి ఐదున్నరేళ్లు పడుతుంది. మీకు రాసిచ్చిన బ్యాటరీ వారంటీ మూడేళ్లు లేదా 50 వేల కిలోమీటర్లు. పెట్టిన డబ్బులో సగానికి కాస్త పైన వచ్చేసరికే వారంటీ అయిపోతుంది.

అలాగని నేను పెట్రోల్ వైపు కాదు. 2024-25లో దేశంలో 11 లక్షలకు పైగా ఎలక్ట్రిక్ టూవీలర్లు అమ్ముడయ్యాయి. మీలా రోజూ కట్టుబడిగా 30, 40 కిలోమీటర్లు తిరిగే మధ్యతరగతికే దీనివల్ల ఎక్కువ లాభం. రోజుకు పది కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఈ లాభం అంతగా కనిపించదు. కానీ బాగా నడుస్తున్న, అప్పులేని బండిని పక్కనపెట్టి కొంటే ఆ లాభమంతా వడ్డీకి పోతుంది. మీ పాత స్కూటర్ పెద్ద రిపేరుకు వచ్చిన రోజు కథ వేరు. అప్పుడు ఎలాగూ కొత్తది కొనాలి. పెట్రోల్ స్కూటర్లపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గినా, ఆన్‌రోడ్ లక్ష దగ్గర ఉంటుంది. 5 శాతం జీఎస్టీ, రోడ్ ట్యాక్స్ లేని చిన్న బ్యాటరీ ఎలక్ట్రిక్ 1.05 లక్షలకు వస్తే, ఆ తేడా మూడు నెలల్లో తీరిపోతుంది.

చిన్న బ్యాటరీ అని ఊరికే అనలేదు. మీకు చూపించింది 3.5 కిలోవాట్ అవర్‌ది, అంటే మూడున్నర యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ. మీ 35 కిలోమీటర్లకు 2.2 నుంచి 2.5 చాలు. రోడ్డు మీద 70 కిలోమీటర్లు వస్తాయి, కొన్నేళ్లకు బ్యాటరీ 70 శాతానికి పడిపోయినా 50 దగ్గర వస్తాయి. మిగిలిన డబ్బులో కొంత పెట్టి వారంటీని ఎనిమిదేళ్లకు పొడిగించుకోండి. మామూలుగా పొడిగింపు వారంటీలు కొనొద్దంటాను, బ్యాటరీకి మాత్రం కొనమంటాను. కొటేషన్‌లో ‘యాక్సెసరీస్’ 3,500, ‘హ్యాండ్లింగ్’ 2,500 అని ఉన్నాయి చూడండి, ఆ ఆరు వేలు కొట్టేయించండి.

గడువు భయం కొంతవరకు నిజమే. 2024 నవంబరు 18న మొదలైన రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబరు 31 దాకా ఉంది. మీ బండికి దాని విలువ 12 వేల పైమాటే, వదులుకోవద్దు. కాకపోతే గడువుకు ముందు కొంటే చాలు, ఈ వారమే కొననక్కర్లేదు. కేంద్రం సబ్సిడీ కిలోవాట్ అవర్‌కు 2021లో 15 వేలుండేది. 2023లో 10 వేలకు, 2024లో 5 వేలకు, 2025లో 2,500కు తగ్గుతూ వచ్చింది. ప్రతిసారీ ఇదే తొందర పెట్టారు, ఆ తర్వాతే తక్కువ ధర మోడళ్లు వచ్చాయి.

కాబట్టి ఆ ఈఎంఐ మీకు మీరే కట్టుకోండి. ఈ నెల నుంచే నాలుగు వేలు ఆర్‌డీలో వేయండి. ఎనిమిది నెలలకు 32 వేలు. దానికి మీ 15 వేలు, పాత బండి డబ్బు కలిస్తే 70 వేలు దాటుతుంది. నెలకు నాలుగు వేలు కట్టగలరో లేదో కూడా ఈలోపు తేలిపోతుంది. తక్కువపడ్డ 35 వేలకు బ్యాంకులో బంగారం పెట్టి, నెలనెలా తీర్చే పద్ధతిలో ఏడాదికి తీసుకోండి. వడ్డీ 9, 10 శాతం దగ్గర, అదీ తగ్గుతున్న బాకీపైనే. చిట్టీ తగ్గించి పాడొద్దు. పాటలో వేలకు వేలు పోగొట్టుకుని స్కూటర్ కొనడం దండగ. ఆ 60 వేలు మాత్రం ముట్టుకోకండి.

డబ్బు కట్టేముందు పార్కింగ్‌లో మీ బండికి ప్లగ్ ఎక్కడో చూసుకోండి. 2022లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత బ్యాటరీ భద్రతా ప్రమాణాలు కఠినం చేశారు, అయినా కొన్ని అపార్ట్‌మెంట్లు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. ఇంటివాళ్ల దగ్గర ముందే మాట తీసుకోండి. ఎర్తింగ్ ఉన్న సాకెట్ వేయించండి, మూడో అంతస్తు నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు మాత్రం వేలాడదీయొద్దు.

పాత స్కూటర్‌ను షోరూం ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేముందు బయట ఇద్దరు మెకానిక్‌లను అడగండి. ఎవరికి అమ్మినా, బండిని వాళ్ల పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకం పెట్టి వదిలేయకండి. ఆర్‌సీలో పేరు మారేదాకా వాళ్ల వెంటపడండి. ఆలోపు ఆ బండి ఎవరినైనా గుద్దితే కేసు మీ పేరు మీదికే వస్తుంది.