అంకె చెప్పేటప్పుడు చూపు ఎక్కడ ఉండాలి?

ప్రశ్న: నేను విజయవాడ పటమట నుంచి ఎనిమిది నెలల క్రితం డాలస్ వచ్చాను. పని బాగా చేస్తానని మెచ్చుకుంటూనే, ఎదుటివారి కళ్ళలోకి చూసి మాట్లాడనని, ఆత్మవిశ్వాసం తక్కువని మా మేనేజరు సమీక్షలో రాశారు. సంభాషణలో 93 శాతం శరీర భాషేనని బెంజి సర్కిల్ దగ్గర శిక్షణలో చెప్పారు. ఈ అలవాటు ఎలా మార్చుకోవాలి, అన్నయ్యగారూ?

జవాబు: తమ్ముడుగారూ, ఆ ఒక్క వాక్యం వల్ల ఈ ఏడు మీ జీతం ఎంత పెరగకుండా ఆగిపోయిందో మీరు రాయలేదు. నేనైతే మొట్టమొదట అదే రాసేవాణ్ణి.

నేను 1998లో గుంటూరు బ్రాడీపేట నుంచి న్యూజెర్సీకి వచ్చాను. మీకు బయలుదేరకముందే శిక్షణలు, దిగగానే వాట్సాప్ బృందాలు ఉన్నాయి. మాకు రెండు పెట్టెలు, ఒక ఫోను కార్డు తప్ప మరేమీ లేవు కాబట్టి ప్రతి పాఠానికీ రుసుము కట్టి నేర్చుకున్నాము. నాన్నగారు బడిపంతులు. ఆయన ఎదుట కళ్ళెత్తి మాట్లాడటమంటే తలబిరుసుతనం, చేతులు కట్టుకొని నేల చూస్తూ నిలబడటమంటే వినయం. ఆ వినయాన్నే ఇస్త్రీ చేసిన చొక్కాతో పాటు తొడుక్కొని 1999లో ఇక్కడ ఒక ఇంటర్వ్యూకి వెళ్ళాను.

సాంకేతిక ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పాను. చివర ఆ పెద్దమనిషి కుర్చీలో వెనక్కి వాలి, జీతం ఎంత ఆశిస్తున్నావని అడిగాడు. నేను చేతులు కట్టుకొని, బల్ల మీద అతని కాఫీ కప్పు అడుగున ఏర్పడిన గోధుమరంగు వలయాన్నే చూస్తూ, మీకు ఎంత న్యాయమనిపిస్తే అంత ఇవ్వండని అన్నాను. 48,000 డాలర్లన్నాడు. ఆ వలయానికే కృతజ్ఞతలు చెప్పి వచ్చాను. మూడేళ్ళ తర్వాత ఆ ఉద్యోగం మానేస్తున్నప్పుడు, వీడ్కోలు భోజనంలో అతనే నవ్వుతూ అసలు సంగతి చెప్పాడు: ఆ రోజు అతని చేతిలో 55,000 దాకా ఉన్నాయట. చేతులు కట్టుకోవడం చూసి నాకు ఆ ఉద్యోగం మీద ఇష్టం లేదనీ, కళ్ళు దించుకోవడం చూసి నా అనుభవం గురించి ఏదో దాస్తున్నాననీ అనుకొని, తగ్గించే చెప్పాడట. ఏటా 7,000 చొప్పున మూడేళ్ళకు 21,000 డాలర్లు. నేను చేరిన నాటి 43 రూపాయల రేటున 9 లక్షల పైచిలుకు. ఆ డబ్బుకు అప్పట్లో విద్యానగర్‌లో మంచి స్థలం వచ్చి ఉండేదని నాన్నగారు చాలాకాలం అంటూనే ఉన్నారు. నా చేతులు అలా కట్టించింది ఎవరో ఆయనకు గుర్తు చేసే ధైర్యం నాకు లేకపోయింది.

మీ శిక్షకులు చెప్పిన 93 శాతం సంగతి కూడా సరిచేసుకోండి. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో ప్రచురించిన ప్రయోగాల నుంచి వచ్చిన లెక్క అది: మాటకు 7, గొంతుకు 38, ముఖానికి 55. ఎదుటివారికి మన మీద ఉన్నది ఇష్టమా అయిష్టమా అన్న సంగతిలో, మాట ఒకటి చెబుతూ ముఖం మరొకటి చెబుతున్నప్పుడు దేన్ని నమ్ముతామన్నదే అక్కడి ప్రశ్న. సంభాషణ అంతటికీ అది వర్తించదు. మీరు అడగవలసిన అంకె నూటికి నూరు పాళ్ళూ మాటలోనే ఉంటుంది. చూపు దానికి జామీను ఉంటుంది, అంతే.

తల ఊపడం విషయంలో మాత్రం నేను ఒకసారి లాభపడ్డానని ఒప్పుకోవాలి. మనం సరేనని చెప్పడానికి తలను ఎడమకూ కుడికీ వంచుతూ ఊపుతాము కదా, ఇక్కడివారికి అది అవునో కాదో తేలదు. పాత కారు కొనబోతే అమ్మే అతను 4,200 డాలర్లన్నాడు. సరేనని తల ఊపాను. అతను నిట్టూర్చి 3,900 అన్నాడు. మళ్ళీ ఊపి ఉంటే ఇంకా తగ్గించేవాడేమో కానీ, అప్పటికే నా నోటి వెంట ఇంగ్లీషులో ఒప్పుకోలు వచ్చేసింది. మా అమ్మాయి ఇక్కడ కూచిపూడి నేర్చుకున్న రోజుల్లో (ఆ ఫీజుల మాట ఇప్పుడు వద్దు) అభినయ దర్పణమనే నాట్యశాస్త్ర గ్రంథంలో శిరోభేదాలు, అంటే తల కదలికలు, తొమ్మిదని, వింజామర ఊగినట్లు తలను ఇటూ అటూ ఊపితే అది పరివాహితమని చెప్పింది. ఆ శాస్త్రం చదవని మేనేజరు ముందు సరేనని నోటితో కూడా చెప్పండి.

ఆ కారులోనే వెళుతుండగా ఒక రాత్రి పోలీసులు ఆపారు. మన ఊళ్ళో ఆపితే బండి దిగి, దగ్గరకు వెళ్ళి, ఒక నమస్కారం పెట్టి మాట్లాడటం మర్యాద. నేనూ అదే మర్యాదతో తలుపు తీసుకొని దిగి, చేతులు జోడించడానికి రెండడుగులు వేశాను. అతను వెనక్కి జరిగి, నడుము దగ్గరి తుపాకీ మీద చెయ్యి వేసి అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆపినప్పుడు కారులోనే కూర్చొని, చేతులు స్టీరింగు మీద కనబడేలా ఉంచాలి. మిగతా నియమాలు మీ రాష్ట్రపు డ్రైవింగు పుస్తకంలో చూసుకోండి. జరిమానా ఒకసారి కడితే పోయింది కానీ, బీమా ప్రీమియం ఆ తర్వాత మూడేళ్ళూ పట్టి పీడించింది.

ఎంత దూరంలో నిలబడాలన్నది పెద్ద విషయం కాదు. స్నేహితులు అడుగున్నర నుంచి నాలుగడుగుల ఎడంలో మాట్లాడుకుంటారని అమెరికన్ల గురించి ఎడ్వర్డ్ హాల్ అనే మానవ శాస్త్రవేత్త 1966లోనే రాశాడు. నెహ్రూ బస్టాండులో టికెట్టు కౌంటరు ముందు నిలబడినట్లు ముందువాడి వీపుకు ఆనుకోకుండా ఉంటే చాలు.

ఇక చూపు సంగతి. కళ్ళలోకి చూడమన్నారని మింగేసేలా చూడకూడదు. లండన్ సైన్స్ మ్యూజియం సందర్శకులతో చేసిన ఒక పరిశీలన 2016లో వెలువడింది. అందులో ఎదుటి చూపు సగటున 3.3 సెకన్లు నిలిస్తే హాయిగా అనిపించిందని తేలింది. అంటే ఒక వాక్యం చూస్తూ చెప్పి, ఆలోచించేటప్పుడు పక్కకు చూసి, మళ్ళీ చూపు కలపాలి. మొదట్లో కళ్ళలోకి చూడలేకపోతే కనుబొమల మధ్య చూడండి, ఎదుటివారికి తేడా తెలియదు. వీడియో మీటింగులో మాట్లాడేటప్పుడు తెరను కాక కెమెరాను చూడండి. జీతం అంకె చెప్పేటప్పుడు మాత్రం చూపు తిప్పకుండా చెప్పి, ఆ తర్వాత నోరు కట్టేసుకోండి. మౌనాన్ని భరించలేక మనమే తగ్గించుకుంటాము, నాకు అనుభవమే. పాత జీతం ఎంతని అడగడాన్ని న్యూజెర్సీ చట్టం 2020 నుంచి నిషేధించింది. మీ దగ్గర ఎలా ఉందో కనుక్కోండి.

నేను రెండో ఉద్యోగానికి వెళ్ళేముందు వారం రోజులు వంటింట్లో సాధన చేశాను. మా ఆవిడ పప్పుకు తిరగమోత వేస్తూ మేనేజరు పాత్ర వహించేది. ఆమె కళ్ళలోకి చూసి 61,000 అనేవాణ్ణి. ఆవాల చిటపటలు ఆగేదాకా ఆమె ఏమీ అనకుండా నిలబడేది. నాలుగో రోజు మాత్రం, చూపు కుదిరింది, ఇంకో రెండు వేలు కలిపి అడగండి అంది. కలిపి అడిగాను, ఇచ్చారు.

ఆ ఏడు సంక్రాంతికి గుంటూరు వెళ్ళినప్పుడు, అలవాటైన చూపుతోనే నాన్నగారి ఎదుట కూర్చొని క్షేమసమాచారాలు చెబుతున్నాను. ఆయన కాసేపు ఓర్చుకొని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు: "ఏమిట్రా ఆ గుడ్లప్పగించి చూడటం, నేనేమైనా నీకు బాకీ ఉన్నానా?"