మాపు విప్పే ముందు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న దీవెనలు.

విజయనగరంలో వార్డు ప్లానింగ్ సెక్రటరీగా చేరావని, కాలవల ప్లాను కోసం రెల్లివీధి వాళ్లతో మీటింగు పెట్టాలంటున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. 30 ఏళ్లు టౌన్ ప్లానింగులో ట్రేసింగు కాగితాల మీద గీతలు గీసినవాణ్ణి. అడక్కపోయినా రాస్తున్నాను.

చదువుకునే రోజుల్లో అమెరికా సంగతి చెప్పావు, గుర్తుందా? 1930ల్లో సర్కారు సంస్థే నగరాలకి మాపులు వేయించి, నల్లవాళ్లుండే పేటలకి ఎర్రరంగు పూయించిందని, అక్కడ ఇళ్లకి అప్పు పుట్టడం కష్టమైపోయిందని. మనకి రంగెందుకు తల్లీ, రెల్లివీధి అంటే పేరులోనే కులముంది, వీధి పేరే అంతా చెప్పేస్తుంది.

నా తప్పొకటి చెబుతాను. ఇంకో ఊళ్లో ఉండగా చెత్తకుండీకి చోటు చూపించమన్నారు. మూడుచోట్ల పెన్సిలు పెట్టాను. రెండుచోట్ల పెద్దమనుషులొచ్చి గోల చేశారు. మూడోచోటికి ఎవరూ రాలేదు. 'అభ్యంతరాలు లేవు' అని రాసి ఇంకు పెట్టేశాను. అది పారిశుద్ధ్యం పనివాళ్ల వీధి మొగ. నోటీసేమో ఇంగ్లీషులో, ఆఫీసు బోర్డుకి అంటించాం. అర్జీలు తీసుకునే వేళకి వాళ్లంతా రోడ్ల మీద చీపురు పట్టుకుని ఉన్నారు. తరవాత ఒకావిడ అడిగింది: "ఇది మా సెత్త కాదు గదేటి బాబూ, మీ సెత్తే గదా?" నా దగ్గర జవాబు లేదు.

అందుకని మీటింగు ఆఫీసులో పెట్టకు. రామమందిరం అరుగు మీదా వద్దు. అందరూ ఎక్కొచ్చనే అంటారు, ఎవరు ఎక్కి కూర్చుంటారో ఎవరు కింద నిలబడతారో నువ్వు చూడనిదా! వాళ్ల వీధిలోనే, రాత్రి వంటలయ్యాక పెట్టు. వెళ్లగానే మాపు విప్పకు, విప్పితే అందరూ నీ వేలు వైపే చూస్తారు. ముందు ఓ ముసలమ్మతో కాలవ వెంట నడు. ఆవిడ చేతికి సుద్దముక్కిచ్చి, వానలకి నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద గీయమను. టేపు పెట్టి కొలిచి రాసుకో. అక్కడ నీళ్లు నిలవవని ఇంజనీరు అన్నప్పుడు ఆ అంగుళాలు చూపించు.

ఎస్టిమేటులో డబ్బెంతో కూడా చెప్పు. కాలవకెంత, కూడలిలో రెయిలింగుకెంత తెలిస్తేనే ఏది ముందో వాళ్లు తేలుస్తారు. అది దాచి అభిప్రాయం అడగడం పెళ్లయ్యాక ముహూర్తం అడిగినట్టే. తేలింది తెలుగులో రాసి, అక్కడే పైకి చదివి, సంతకాలు, వేలిముద్రలు తీసుకో. ఒక కాపీ వాళ్ల దగ్గరే ఉంచు. రేపు నీకు బదిలీ అయితే కొత్తగా వచ్చినవాళ్లకి చూపించుకుంటారు.

గంటస్తంభం దగ్గర తోపుడుబళ్లు తీయించమని నీమీద ఒత్తిడి వస్తుంది, ఎప్పుడూ వచ్చేదే. 2014 వీధి వ్యాపారుల చట్టం జెరాక్సు బ్యాగులో పెట్టుకో. వ్యాపారుల సర్వే పూర్తి కాకుండా లేపకూడదు. ఆ చట్టం కింద వేసే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు.

పైడితల్లమ్మ సిరిమాను పండక్కి వస్తాను. అప్పటికి వానలు గట్టిగా పడుంటాయి. ఆ సుద్దగీత చెరిగిపోకుండా దానిమీద పెయింటు వేయించి ఉంచు.

మీ పెదనాన్న