సొంతంగా పాటలు రాసి పాడేవాళ్లు మొదటి పాట వదిలేముందు ఏమేం చూసుకోవాలి?

సాహిత్యం, బాణీ, గొంతు మీవి. సంగీతం ఒక స్నేహితుడు చేశాడు. మూడు పాటలు సిద్ధంగా ఉన్నాయి, ఏ స్టూడియోకి వెళ్లాలి, ఎలా విడుదల చేయాలి అని మీరు అడిగారు. స్టూడియో సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ స్నేహితుడితో కూర్చుని ఒక కాగితం రాసుకోండి. కొత్తవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది గొంతు దగ్గర కాదు, ఈ కాగితం దగ్గరే.

ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి. ఒకటి పాట, అంటే మాటలు, బాణీ. రెండోది దాని రికార్డింగ్, దాన్నే మాస్టర్ అంటారు. రేపు మీ పాటనే ఇంకొకరు పాడి విడుదల చేస్తే ఆ కొత్త మాస్టర్ వాళ్లది, పాట మాత్రం ఇంకా మీదే. డబ్బు కూడా రెండు దారుల్లో వస్తుంది. మాస్టర్ మీద వచ్చేది డిస్ట్రిబ్యూటర్, అంటే మీ పాటను స్పాటిఫై లాంటి వేదికలకు చేర్చేవాడు, వసూలు చేసి ఇస్తాడు. పాట మీద వచ్చే రాయల్టీ కోసం రచయితలు, స్వరకర్తల సంస్థలో చేరాలి: అమెరికాలో ఆస్కాప్, బీఎంఐ లాంటివి, బ్రిటన్‌లో పీఆర్ఎస్, భారత్‌లో ఐపీఆర్ఎస్. చేరడంతో పని అయిపోదు, ప్రతి పాటనూ విడిగా నమోదు చేయాలి. డిస్ట్రిబ్యూటర్ నుంచి వచ్చేదే మొత్తం ఆదాయం అనుకుని ఈ రెండో దారిని వదిలేసేవాళ్లు చాలామంది.

కాగితంలో ఉండాల్సినవి: పాట పేరు, ప్రతి ఒక్కరి అసలు పేరు, పాటలో ఎవరి వాటా ఎంత శాతం, మాస్టర్‌లో ఎవరి వాటా ఎంత శాతం, ఎవరు ఏ సంస్థలో సభ్యులు, తేదీ, సంతకాలు. రెండు వాటాలూ వేర్వేరుగా రాయండి, ఒక్కోటీ సరిగ్గా 100కి రావాలి. స్నేహితుడు మీ బాణీకి వాద్యాలు అమర్చి ఉంటే సాధారణంగా పారితోషికమో, మాస్టర్‌లో వాటానో ఇస్తారు. పల్లవికి ముందు జనం కూనిరాగం తీసే ముక్క అతను కట్టిందే అయితే పాటలోనూ వాటా అడగడం న్యాయమే. ఈ బేరం పాట బయటికి రాకముందే తేలాలి. వచ్చాక ఇద్దరూ వేర్వేరు శాతాలు నమోదు చేసి మొత్తం 130 అయిందనుకోండి, గొడవ తేలేదాకా సంస్థ ఆ డబ్బును ఆపేయొచ్చు. ఒక ప్రకటనకు మీ పాట కావాలని ఎవరైనా అడిగితే పాటకూ మాస్టర్‌కూ రెండింటికీ అనుమతి కావాలి. ఒక్క వాటాదారు ఫోన్ ఎత్తకపోయినా వాళ్లు ఆగరు, ఇంకో పాట తీసుకుంటారు.

గిటారో వేణువో వాయించడానికి పిలిచినవాళ్లతో కూడా డబ్బు అందిందని, రికార్డింగ్ వాడుకోవడానికి అభ్యంతరం లేదని ఒక చిన్న పత్రం రాయించుకోండి. నెట్‌లో అద్దెకు తీసుకున్న బీట్, అంటే ముందే తయారు చేసి ఉంచిన సంగీతం, మీద పాడి ఉంటే దాని లైసెన్సు పూర్తిగా చదవండి. అదే బీట్ ఇంకా చాలామందికి అమ్ముతారు కాబట్టి, అలాంటి పాటను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (మీ ఆడియో ఎవరి వీడియోలో ఉన్నా పసిగట్టే వ్యవస్థ) పెట్టడానికి మామూలుగా ఒప్పుకోరు. తెలియక పెడితే వేరేవాళ్ల వీడియోల మీద మీ పేరుతో క్లెయిమ్‌లు పడతాయి, వాళ్లంతా ఎదురు ఫిర్యాదులు చేస్తారు.

ఇక రికార్డింగ్. మొదట శ్రుతి ఖాయం చేసుకోండి. ఫోన్లోనే మూడు శ్రుతుల్లో పాడి రికార్డు చేసి, చరణంలో పైస్థాయికి వెళ్లే చోటు మాత్రం వినండి. ఒకసారి పాడితే ఏ శ్రుతైనా బాగానే ఉంటుంది, వరసగా ఐదుసార్లు పాడాక కూడా గొంతు బిగుసుకోని శ్రుతే మీది. తర్వాత టెంపో. క్లిక్ (తాళం తప్పకుండా టిక్ టిక్ అని కొట్టే శబ్దం) పెట్టుకుని నిమిషానికి రెండు మూడు బీట్లు అటూ ఇటూ మార్చి చూడండి, మాటలు ఊపిరాడకుండా పోతున్నాయో, సాగుతున్నాయో అక్కడే తెలిసిపోతుంది. ఈ రెండూ తేల్చుకోకుండా స్టూడియోకి వెళితే గంటల లెక్కన అద్దె కడుతూ తేల్చుకోవాల్సి వస్తుంది.

ఇంట్లోనే గొంతు రికార్డు చేసేటట్లయితే, ఖాళీ గోడల గదిలో, చిన్న చప్పుడునూ పట్టేసే ఖరీదైన కండెన్సర్ మైకు కంటే దగ్గరగా పెట్టి పాడే డైనమిక్ మైకే మేలు, గది ప్రతిధ్వని తక్కువ పడుతుంది. డైనమిక్ అయితే 5 నుంచి 10 సెంటీమీటర్లు, కండెన్సర్ అయితే 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్ (ప, బ లాంటి అక్షరాల గాలి దెబ్బ మైకుకు తగలకుండా ఆపే తెర). గది మూలలో నిలబడొద్దు, మంద్ర ధ్వని ఎక్కువై గొంతు మొద్దుగా పడుతుంది. రికార్డింగ్ సెట్టింగుల్లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టి, మీరు గట్టిగా పాడే చోట మీటరు మైనస్ 10, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండేలా గెయిన్ (మైకు నుంచి వచ్చే శబ్దాన్ని పెంచే, తగ్గించే మీట) పెట్టుకోండి. పాడేటప్పుడు బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి తీసుకునే శబ్దం ముక్క సైజు) 128 శాంపిల్స్ దగ్గర ఉంటే మీ గొంతు మీకు ఆలస్యంగా వినిపించదు, మిక్సింగ్‌కి, అంటే అన్ని ట్రాకులనూ సరితూచి కలిపే పనికి, దాన్ని 512కో ఆపైకో పెంచుకోవచ్చు. హెడ్‌ఫోన్స్ చెవులను పూర్తిగా మూసేవి కావాలి, లేకపోతే మెల్లగా పాడే చోట్ల క్లిక్ శబ్దం మైకులోకి వస్తుంది, దాన్ని తర్వాత తీయడం నరకం. మొత్తం పాట మూడు నాలుగు టేకులు పాడి, బాగున్న లైన్లు ఏరి కలపండి. పదో టేకు మొదటిదానికంటే బాగుండటం అరుదు.

మిక్సింగ్‌కి పంపే ట్రాకులన్నీ ఒకే చోటి నుంచి, సున్నా నుంచే, మొదలవ్వాలి. ఎంపీ3 కాదు, వేవ్ ఫైళ్లు పంపండి. మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు చేసే చివరి మెరుగులో, చెవులు పగిలే మోత అడక్కండి. స్పాటిఫై లాంటి వేదికలు అన్ని పాటల మోతనూ దాదాపు మైనస్ 14 లఫ్స్ (మోతను కొలిచే ప్రమాణం) దగ్గరికి సర్దేస్తాయి. నలిపి నలిపి మోత పెంచిన పాటను అవి తగ్గించి వినిపిస్తాయి, నలిగిన ధ్వని మాత్రం అలాగే మిగులుతుంది. ట్రూ పీక్, అంటే శబ్దం చేరే అసలు గరిష్ఠ స్థాయి, మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూడమనండి. అదే రోజు గొంతు లేని వెర్షన్ కూడా చేయించుకోండి. వేదిక మీద పాడటానికి, ప్రకటనలవాళ్లకు ఇవ్వడానికి తప్పకుండా అవసరపడుతుంది. ఏడాది తర్వాత అడిగితే ఆ ప్రాజెక్టు ఫైలు తెరుచుకుంటుందన్న భరోసా లేదు.

డిస్ట్రిబ్యూటర్‌కి విడుదలకు నాలుగు వారాల ముందే ఇచ్చేయండి. ముఖచిత్రం 3000 బై 3000 పిక్సెల్స్, దాని మీద ఫోన్ నంబర్లు, వెబ్ చిరునామాలు, వేదికల లోగోలు ఉంటే తిప్పి పంపుతారు. రచయిత, స్వరకర్త గడుల్లో రంగస్థల పేరు కాదు, అసలు పూర్తి పేరు రాయాలి. మీ పేరుతో ఇంకో గాయకుడు ఉంటే మీ పాట వెళ్లి అతని పేజీలో కూర్చుంటుంది, కాబట్టి అప్‌లోడ్ చేసేటప్పుడే కొత్త పేజీ కావాలని ఎంచుకోండి. స్పాటిఫైలో ప్లేలిస్టులు కట్టే సంపాదకులకు పాట పంపించాలంటే కనీసం 7 రోజుల ముందు, ఇంకా విడుదల కాని పాటే పంపాలి. వివరణకు 500 అక్షరాలే చోటుంటుంది. అందులో మీ కష్టాలు కాదు, పాట ఏ భాషలో, ఏ మూడ్‌లో, ఏ వాద్యాలతో ఉందో రాయండి. పాటకొచ్చే 12 అక్షరాల ఐఎస్ఆర్సీ కోడ్‌ను (ఆ రికార్డింగ్‌ను గుర్తించే నంబరు) భద్రంగా రాసి పెట్టుకోండి. రేపు డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినప్పుడు అదే కోడ్, అదే ఆడియో ఇస్తేనే పాత వినికిడి లెక్క పాటతో పాటు వచ్చే అవకాశం ఉంటుంది.

డబ్బు మీద ఆశ తగ్గించుకోండి. స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే ఒక స్ట్రీమ్ కింద లెక్క. 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో 1000 స్ట్రీములు దాటని పాటకు అక్కడ మాస్టర్ రాయల్టీ లేదు. ఈ అంకె చూసి కంగారుపడి స్ట్రీములు అమ్మేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. బాట్లతో వచ్చిన లెక్క దొరికిపోతుంది, జరిమానా డిస్ట్రిబ్యూటర్ మీద పడుతుంది, అతను దాన్ని మీ ఖాతాలోంచి కోసుకోవచ్చు, పాటనే తీసేయొచ్చు. మొదటి రెండేళ్లు నిజంగా చేతికి డబ్బు తెచ్చేది వేదికే. అరగంటకు ఆరు పాటలు చాలు, మాటలకూ శ్రుతి సరిచూసుకోవడానికీ సమయం వదలాలి. మైకులు ఎన్ని, గిటారుకు డీఐ బాక్సు (గిటారు శబ్దాన్ని నేరుగా సౌండ్ సిస్టమ్‌కు పంపే పెట్టె) కావాలా, ఎవరెక్కడ నిలబడతారు అన్నది ఒక పేజీలో గీసి సౌండ్ ఇంజినీరుకు రెండు రోజుల ముందే పంపండి.

నాలుగు పాటలు బయటికొచ్చాక ఏదో ఒక లేబుల్ అడ్వాన్స్ ఇస్తామంటుంది. అది బహుమతి కాదండీ, మీ రాయల్టీలోంచి తిరిగి కోసుకునే సొమ్ము. వీడియో ఖర్చు, ప్రచార ఖర్చు కూడా అందులోనే కలుపుతారేమో అడగండి. మాస్టర్ ఎన్నేళ్లకు ఇస్తున్నారు, తర్వాత మీకు తిరిగొస్తుందా, ఇంకా రాయని పాటలకు కూడా ఆ ఒప్పందం వర్తిస్తుందా, పాట హక్కు కూడా అడుగుతున్నారా అన్న నాలుగూ సంతకానికి ముందు మీ తరఫు లాయరుతో చదివించండి. లేబుల్‌వాళ్లు చూపించిన లాయరు వద్దు.