కారు పక్కలకు గరుకు పూత: డబ్బు పెట్టాల్సింది ఎక్కడ?

ప్రశ్న: నా కారుకు అయిదేళ్లు. లోను తీరిపోయింది, ఇంకో అయిదేళ్లు దీన్నే నడపాలని ఉంది. చక్రాల వెనక, డోర్ల కింద రాళ్లు తగిలి రంగు లేచిపోయింది, రెండు చోట్ల తుప్పు కనిపిస్తోంది. కారు అడుగంతా అండర్‌కోటింగ్ (తుప్పు పట్టకుండా అడుగున వేసే పూత), పక్కల కింది భాగానికి గరుకు పూత కలిపి షెడ్డులో ఒక ప్యాకేజీ చెప్పారు. అది నా నెల జీతంలో సగం. పక్కలకు మాత్రమే అయితే అందులో అయిదో వంతు. వాయిదాల్లో కట్టొచ్చంటున్నారు, లేదంటే అత్యవసరానికి దాచిన డబ్బులోంచి తీయాలి. చేయించమంటారా?

జవాబు: చేయించండి, కానీ ప్యాకేజీ వద్దు. పక్కలకు మాత్రమే చాలు. అది కూడా పూతకి ముందు ఏమేం చేస్తారో షెడ్డువాళ్లు కాగితం మీద రాసిచ్చాకే.

ముందు లెక్క చూద్దాం. ఇలాంటి ఖర్చును కారు ఉంచుకునే నెలలతో భాగించి చూడాలి. మీ నెల జీతం 100 అనుకుంటే ప్యాకేజీ 50, పక్కల పని 10. అయిదేళ్లంటే 60 నెలలు, అంటే పక్కల పనికి నెలకు 0.17 పడుతుంది, ప్యాకేజీకి 0.83. మీరు ఏడాదిన్నరలో అమ్మేసే ఆలోచనలో ఉంటే ఆ 10 కూడా 18 నెలల మీదే పడేది, అప్పుడు ఆ రెండు మచ్చలు గీకించి రంగు టచప్ చేయించుకోమని చెప్పేవాణ్ణి. పూత వల్ల రేపు అమ్మేటప్పుడు ధర ఎక్కువ వస్తుందని మాత్రం లెక్క వేసుకోకండి. పాత కారుకు కొత్తగా నల్లటి పూత కనిపిస్తే, కింద ఏం కప్పిపెట్టారో అని కొనేవాళ్లు అనుమానపడతారు. అందుకే పని జరుగుతున్నప్పుడు రేకు బయటపడిన దశలో ఫోటోలు తీసి దాచుకోండి.

ప్యాకేజీ ఎందుకు వద్దంటున్నానంటే, ఈమధ్య కార్లలో చాలావాటికి జింకు పూసిన రేకే వాడుతున్నారు, బాడీ మొత్తాన్ని ప్రైమర్ (రంగుకు ముందు రేకుకు వేసే పూత) తొట్టిలో ముంచి తీస్తారు, అడుగున అతుకుల మీద, రాళ్లు తగిలే చోట పీవీసీ పూత ఫ్యాక్టరీలోనే వేసేస్తారు. కారును పైకి లేపించి మీరే చూడండి, ఆ పూత పగలకుండా ఉంటే దాని మీద ఇంకొకటి కొట్టించడం డబ్బు దండగ. మంచు కరగడానికి ఉప్పు చల్లే రోడ్ల మీదో, సముద్రం పక్కనో రోజూ తిరిగే కారైతే నా మాట వేరుగా ఉండేది. పక్కల సంగతి అలా కాదు. టైరు ఎగరేసిన రాయి ఎక్కువగా తగిలేది అక్కడే, మామూలు రంగు దాన్ని తట్టుకోలేదు. రబ్బరు గుణం ఉన్న మందపాటి పూత ఆ దెబ్బను కొంత మింగుతుంది, గరుకుగా ఉంటుంది కాబట్టి చిన్న చిన్న గాట్లు కంటికి కనపడవు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇప్పుడు చెప్తున్నాను. ఈ పనిలో విలువంతా పూత కింద ఉంటుంది. నా మొదటి కారుకు ఒక షెడ్డులో తుప్పు మీదే నల్లటి తారు పూత కొట్టారు, చూడ్డానికి కొత్తదానిలా ఉంది, నేనూ సంతోషంగా డబ్బు ఇచ్చి వచ్చాను. రెండేళ్ల తర్వాత ఒక మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో నొక్కితే రేకులోకి దిగిపోయింది. తుప్పుకు, పూతకు మధ్య తేమ ఇరుక్కుని లోపల్లోపలే తినేసింది. ఆ రేకు కోసి వెల్డింగ్ చేయించడానికి, ప్రైమర్‌కు, రంగుకు పూత ఖర్చుకు ఎన్నో రెట్లు అయింది. డోర్ల కింద గడపలా ఉండే ఆ భాగం పక్క నుంచి గుద్దినప్పుడు మనల్ని కాపాడేది, ఎలాగోలా అతుకు వేసి వదిలేయడానికి లేదు. పైగా తుప్పు నష్టాన్ని మామూలు మోటారు బీమా పాలసీలు ఇవ్వవు, అది అరుగుదల కింద లెక్క.

కాబట్టి కొటేషన్‌లో ఇవి ఉండాలి: కడిగి గ్రీజు, మైనం తీయడం, తుప్పును మెరిసే రేకు కనిపించేదాకా గీకడం, మిగతా చోట రంగును ఎమరీ పేపర్‌తో గరుకు చేయడం, బయటపడ్డ రేకుకు ఎపాక్సీ ప్రైమర్, ఆ తర్వాత పల్చగా రెండు మూడు కోట్లు, కోటుకు కోటుకు మధ్య ఆరే టైము. పూత ఏ రకమో కూడా రాయించండి. తారు రకం చవక, కానీ దాని మీద కారు రంగు వేయలేరు, బయటికి కనిపించే చోట అది వద్దు. రంగు వేయడానికి పనికొచ్చే స్టోన్ చిప్ గార్డ్ అని అడగండి. ఇంకోటి, గడప అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటిని మూసేస్తే లోపలి నుంచి తుప్పు పట్టడం ఖాయం. పని అయ్యాక వేలు పెట్టి ఒక్కొక్కటీ చూసుకోండి, మొహమాటపడకండి.

సొంతంగా స్ప్రే డబ్బాతో కూడా చేసుకోవచ్చు, ముందు అట్టముక్క మీద కొట్టి చూసుకుంటే గరుకు ఎలా వస్తుందో తెలుస్తుంది. కానీ మీకు తుప్పు ఉంది కదా, మొదటిసారి చేసేవాళ్లకు అది పూర్తిగా పోయిందో లేదో తెలియదు. గీకడం, ప్రైమర్ షెడ్డులో చేయించండి.

డబ్బు విషయానికొస్తే, అత్యవసర నిధిని ముట్టుకోవద్దు. ఇన్నాళ్లూ ఉన్న గాటు ఇంకో రెండు నెలలు ఆగుతుంది, ఉద్యోగం పోతేనో ఆస్పత్రి పాలైతేనో ఆ అవసరం ఆగదు. షెడ్డువాళ్లు వడ్డీ లేని వాయిదాలని చెప్తే, మొత్తం ఒకేసారి ఇస్తే ఎంత తగ్గిస్తారని అడగండి, ఆ తగ్గింపే మీరు కట్టబోయే వడ్డీ. లోను తీరింది కదా, ఆ వాయిదా డబ్బులోంచి నెలకు కొంత పక్కన పెడితే ఈ పనికి రెండు మూడు నెలల్లో సరిపోతుంది. ఈలోగా ఆ రెండు మచ్చలు ఈ వారమే గీకించి ప్రైమర్ వేయించండి, దానికి అయ్యేది కొంచెమే. గీకేటప్పుడు రేకు మెత్తగా లోపలికి వెళ్తే మాత్రం పూత ఆలోచన పక్కన పెట్టి, ముందు వెల్డింగ్‌కు ఎంతవుతుందో కనుక్కుని మళ్లీ రాయండి, అప్పుడు లెక్క మొదటి నుంచి వేసుకుందాం.